పేరు మచిలీపట్నం... పిలుపు బందరు!

రైల్వేస్టేషన్‌ బోర్డు మీద మచిలీపట్నం. విజయవాడలో ఆటో ఎక్కేవాళ్ల నోట బందరు రోడ్డు. పాత ఇంగ్లిషు కాగితాల్లో మసూలిపటం. ఊరు ఒక్కటే, పేర్లు మూడు. వాటిని విప్పి చూస్తే రెండువేల ఏళ్ల సముద్ర వ్యాపారం కళ్లముందు కదులుతుంది.

కోతి కాదు... రేవు!

'బందర్‌ అంటే హిందీలో కోతి కదా' అని బందరువాళ్లను ఆటపట్టించేవాళ్లు ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటారు. నిజానికి ఇది ఆ బందర్‌ కాదు. పారశీక భాషలో బందర్‌ అంటే ఓడరేవు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు ఇదే. ఆ ఆస్థానంలో పారశీకానికి పెద్దపీట. ఇక్కడి సరకుతో ఓడలు ఇరాన్‌లోని బందర్‌ అబ్బాస్‌ దాకా వెళ్లేవి. అటు తూర్పు దేశాల్లోనూ ఇదే మాట. బ్రూనై రాజధాని పేరు బందర్‌ సెరి బెగవాన్‌. ముంబయిలో అపోలో బందర్‌ సరేసరి. మనవాళ్లు మాత్రం చివర ఓ ఉకారం చేర్చి 'బందరు' అని సొంతం చేసుకున్నారు. లడ్డుకీ ఆ పేరే పెట్టుకున్నారు!

చేప ఎక్కడిది?

ఇక మచిలీ. హిందీ, ఉర్దూల్లో మచిలీ అంటే చేప. కోట ద్వారానికి చేప కళ్లు చెక్కించారనీ, అందుకే ఆ పేరొచ్చిందనీ ఊళ్లో చెప్పుకుంటారు. కానీ, అంతకంటే చాలా పాత ఆనవాళ్లున్నాయి. క్రీస్తుశకం 1వ శతాబ్దిలో గ్రీకు భాషలో రాసిన 'పెరిప్లస్‌' ఈ తీరాన్ని 'మసాలియా' అంది. ఇక్కడ నూలుబట్టలు విస్తారంగా నేస్తారనీ చెప్పింది. 2వ శతాబ్దిలో టోలెమీ 'మైసోలియా' అని రాశాడు. అప్పటినుంచీ నానుతున్న ఆ మాటకే తర్వాతి కాలంలో జనం చేప అర్థం తొడిగారన్నది ఒక వాదన. సన్నని మస్లిన్‌ బట్టకు పేరిచ్చింది ఈ ఊరేనని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు. నిఘంటువులు మాత్రం ఆ గౌరవం ఇరాక్‌లోని మోసుల్‌ నగరానికి ఇస్తాయి.

మనమూ తక్కువ తినలేదు

మన ఊరి పేరును పరాయివాళ్లు వాళ్ల నోటికి తగ్గట్టు మార్చేసుకున్నారని అనుకుంటాం. మరి మనమో? హాలండు నుంచి వచ్చినవాళ్లను 'వలందులు' అన్నాం. ఫ్రెంచివాళ్లను 'పరాసులు' చేశాం. పోర్చుగీసువాళ్లయితే ఏకంగా బుడతకీచులు! ఆ పిలుపుల్లో కొన్ని బందరు పేటల్లో ఇప్పటికీ వినిపిస్తాయి. 17వ శతాబ్ది మొదట్లో డచ్చివాళ్లు వచ్చిన గుర్తుగా వలందపాలెం ఉంది. 1611లో వర్తక స్థావరం పెట్టిన ఇంగ్లిషువాళ్ల పేరిట ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచివాళ్ల పేరిట ఫరాసుపేట ఉన్నాయి. స్వాతంత్య్రం వచ్చేదాకా ఫ్రెంచివారికి ఇక్కడ కొంత జాగా ఉండేది. డచ్చివారి సమాధులు, బందరు కోట చూస్తే ఆ వైభవం ఏపాటిదో తెలుస్తుంది.

రేవు పోయి, పేరు మిగిలి...

1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన ఊరిని ముంచేసింది. సుమారు 30 వేలమంది ప్రాణాలు పోయాయి. అప్పటికే తగ్గుతున్న రేవు వైభవం మళ్లీ కోలుకోలేదు. పెద్ద ఓడలు వేరే దారి చూసుకున్నాయి. గిలకలదిండిలో చేపల మరపడవలు మాత్రం మిగిలాయి. అంటే మచిలీ అన్న పేరు నిలబడింది, బందరు అన్న పేరే అర్థం పోగొట్టుకుంది. అయినా జనం ఆ మాటను వదల్లేదు. తరాలు మారినా 'మాది బందరండీ' అనే చెప్పుకున్నారు, లేని రేవును నోట్లో దాచుకున్నట్టు.

విజయవాడ నుంచి 70 కిలోమీటర్ల దూరం. బస్సులూ రైళ్లూ ఉన్నాయి. ఊరు దాటి కాస్త ముందుకెళితే మంగినపూడి తీరం. 2023 మే నెలలో ఆ వైపే కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి. రేపు ఇరాన్‌ నుంచో, బ్రూనై నుంచో వచ్చే నావికుడికి ఈ ఊరి అసలు పేరు పలకడం కష్టం కావచ్చు. బందరు అంటే చాలు... అర్థం చెప్పక్కర్లేదు!