మదనపల్లె నుంచి కుప్పానికి సైకిలు మీద

ఇటలీ దేశానికీ మా మదనపల్లెకూ ఏమిటి సంబంధమని చదువరులు అడగవచ్చు. సంక్రాంతి సెలవులకు మా మేనల్లుడు బెంగుళూరు నుంచి ఒక సైకిలుతో దిగినప్పుడు నేనూ అదే అడిగాను.

అది మనమెరిగిన సైకిలు కాదు. హాండిలు పొట్టేలు కొమ్ముల్లా క్రిందికి తిరిగి ఉంది. టైర్లు వెడల్పుగా, గరుకుగా ఉన్నాయి. స్టాండు లేదు, క్యారియరు లేదు, మడ్‌గార్డు లేదు, కనీసం గంటయినా లేదు. "ఇన్ని లేవు కదా, ధర కూడా లేదా?" అన్నాను. అతడు ధర చెప్పాడు. మా ఆవిడ మారు మాటాడక లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"దీన్ని గ్రావెల్ సైకిలంటారు మామా. తారు రోడ్డుకు కాదు, గరుసు దారులకూ మట్టి బాటలకూ చేసింది."

క్రిందటి యేడు అతడు ఈ సైకిలు మీదనే ఇటలీ పల్లెల్లో పది రోజులు తిరిగి వచ్చాడు. అక్కడ టస్కనీ సీమలో ద్రాక్షతోటల నడుమ తెల్లని మట్టి బాటలున్నాయట. తారు వాటిని ఒక్కొక్కటిగా మింగుతూంటే చూడలేక, 1997లో గయోలె అనే ఊళ్ళో కొందరు పాతకాలపు సైకిళ్ళెక్కి 'ఎరోయికా' అనే యాత్ర మొదలుపెట్టారు. 2007 నుంచి ఆ బాటల మీద పేరుమోసిన పందెం కూడా జరుగుతున్నది. ఉత్తరాన పో నది ఉంది, 650 కిలోమీటర్ల పైచిలుకు పొడవు. దాని కరకట్టల మీద రోజంతా సైకిలు తొక్కవచ్చునట.

"మట్టి బాటల కోసం అంత దూరం పోయినావురా?" అన్నాను. "కుప్పం దాకా నాతో రా, కావలసినంత మట్టి చూపిస్తాను."

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం - ఈ నాలుగు ఊళ్ళనూ 42వ నంబరు జాతీయ రహదారి ఒక దండలో గుచ్చినట్టు కలుపుతుంది. దాన్ని వీలైనంత వరకూ తాకకుండా, పల్లెదారుల వెంట రెండు రోజులలో కుప్పం చేరాలని మా సంకల్పం. అతనికి ఇటలీ చూసిన సైకిలు. నాకు నా పాత నల్ల సైకిలు. దానికి అన్నీ ఉన్నాయి, గంటతో సహా.

మా ఊరు సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన ఉంది. పుష్యమాసపు తెల్లవారుజామున చలి ఎముకలు కొరికింది. 1915లో అనీబిసెంటు స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాల ముందు ఒక్క క్షణం ఆగాము. 1919లో రవీంద్రుడు అక్కడ బస చేసి 'జనగణమన'ను ఇంగ్లీషులోకి తర్జుమా చేశాడు. ఆ సంగతి భక్తితో చెబుతూంటే మావాడు టైరు గాలి నొక్కి చూసుకుంటున్నాడు. టమోటా మార్కెట్టుకు పోయే వాహనాలు మాకు ఎదురు వస్తున్నాయి. 2023 జూలైలో కిలో నూరు రూపాయలు దాటి దేశమంతా మాట్లాడుకున్న సరుకు అది. ధర పడిపోయిన రోజుల్లో దాన్నే రోడ్డు వార పారబోసిపోతారు.

ఊరు దాటి మట్టి బాట పట్టగానే చెరువుకట్ట వచ్చింది. మా పడమటి పల్లెల్లో దారులు తరచు చెరువుకట్టల మీదుగానే పోతాయి. జీవనదులు లేని సీమ. కురిసిన నాలుగు చినుకులు ఒక చెరువులో నిలిచి, మరవ పొర్లి, దిగువ చెరువుకు చేరాలి. నీళ్ళు నడిచిన వరుసలోనే మనుషులూ నడిచారు.

"పో నది కట్టలు కూడా ఇలాగే ఉంటాయి మామా," అన్నాడు.

నేనన్నాను: "ఒక తేడా ఉందిరా. ఆ కట్ట నీళ్ళను ఊళ్ళోకి రానీయకుండా కట్టింది. ఈ కట్ట నీళ్ళను ఊరు విడిచి పోనీయకుండా కట్టింది."

పుంగనూరు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఊరి పేరు మోసే ఆవు మూడడుగులకు మించి ఎత్తుండదు. మామూలు ఆవుపాలలో వెన్న నూటికి మూడు నాలుగు పాళ్ళుంటే, దీని పాలలో ఎనిమిది దాకా ఉంటుందని చెబుతారు. ఎండుగడ్డి నమిలి, కాసిని నీళ్ళు తాగి, చిక్కని పాలు ఇస్తుంది. ఈ సీమ రైతు స్వభావమే దానికీ వచ్చిందనిపిస్తుంది. జాతి అంతరించిపోకుండా పలమనేరు పశుపరిశోధన కేంద్రం కాపాడుతూ వస్తున్నది.

పుంగనూరు దాటాక కాస్త దూరం తారు రోడ్డు తప్పలేదు. దాని మీద ఉలవచెట్లు పరచి ఉన్నాయి. లారీలూ బస్సులూ వాటి మీదుగా పోతే నూర్పిడి అయిపోతుంది. రైతుకు కళ్ళం ఖర్చు లేదు. మా సైకిళ్ళు మాత్రం జర్రున జారాయి. మళ్ళీ మట్టిలోకి దిగాము.

ఇక ఆ దారి అందం ఏమని చెప్పను! ఎర్రమట్టి, ఇరువైపులా ముదిరిన చింతచెట్లు, మల్బరీ తోటలు, వాటి వెనుక గుండ్లు పేర్చినట్టున్న కొండలు. మావాడు సైకిలు ఆపి, "ఈ దారి ఎప్పటికీ ఇలాగే ఉండిపోతే ఎంత బాగుండును!" అన్నాడు. నేనూ ఔనన్నాను. అంతలో నా వెనుక టైరు బుస్సుమంది. అతని టైరులో ట్యూబు లేదు. చిల్లి పడితే లోపలి ద్రవమే దాన్ని పూడుస్తుందట. అందుచేత తుమ్మముల్లు నన్నే వరించింది.

ఎదురుగా ఒక చిన్న పల్లె, నలభై గడపలుంటాయేమో. మొదటి ఇంటి ముందు అనపకాయలు వలుస్తున్న ఒక పెద్దామె, ట్యూబు ముంచి చూడడానికి బొక్కెనతో నీళ్ళు తెచ్చి పెట్టింది. అతుకు ఆరేలోగా సంగటి, పితికిపప్పు కూడా పెట్టింది. మావాడు లొట్టలు వేస్తూ, "మీ దారి చాలా బాగుందమ్మా!" అన్నాడు.

ఆమె నవ్వింది. "నీకు బాగుండాది నాయనా. నువ్వు ఒకపూట వచ్చి పోతావు." ప్రక్కన నిలుచున్న ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణి చూపింది. "వీడు నా మనవడు. వానకాలంలో నా కూతురికి నొప్పులొస్తే, అదో, ఆ కట్ట కింద ట్రాక్టరు దిగబడిపాయ. వీడు ట్రాక్టరులోనే పుట్టినాడు. వీడు బతికినాడు. వీడికి ముందు పుట్టిన ఆడబిడ్డకు అంత రాత లేదు."

మావాడి చెయ్యి సంగటి ముద్ద మీదనే ఆగిపోయింది.

టమోటా పెట్టెలు ఈ గతుకుల్లో నలిగి మార్కెట్టులో సగం ధరకే పోతాయని కూడా ఆమె చెప్పింది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదాన ప్రాంతాలలో 500 జనాభా ఉన్న ఊళ్ళను లెక్కలోకి తీసుకుంది. ఇలాంటి పల్లెలు ఆ జల్లెడలో నుంచి జారిపోయాయి.

నేను కాలేజీ పంతులునని విని, "అయితే ఒక అర్జీ రాసిపెట్టు సారూ," అన్నది.

నాకు సిగ్గువేసింది. మా నాన్న బడిపంతులు. మా ఊరికి రోడ్డు వేయించమని ఏటేటా అర్జీ పంపేవాడు. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని నకళ్ళు నాచేత రాయించేవాడు. 'వర్షాకాలమందు మా గ్రామమునకు రాకపోకలు స్తంభించుచున్నవి' అన్న వాక్యం నాకు ఇప్పటికీ కంఠోపాఠం. రోడ్డు పడేనాటికి ఆయన లేడు. ఆ కొడుకును నేను, మట్టి బాట అందం చూడడానికి సెలవు పెట్టి బయలుదేరాను!

పిల్లవాడి నోటుపుస్తకంలో నుంచి కాగితం చించి, ఆ వాక్యంతోనే మొదలుపెట్టాను. చివర ఆమె నా చెవి దగ్గరకు వంగి ఒక మాట చేర్పించింది.

చీకటి పడకముందే పలమనేరు చేరుకున్నాము. చేరకపోతే ప్రమాదం. 1980ల మొదట్లో పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చి స్థిరపడ్డాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. సంజె దాటితే ఆ అడవి అంచు దారులు వాటివే.

మర్నాడు బైరెడ్డిపల్లె, వెంకటగిరికోటల మీదుగా సాగాము. టీకొట్టు యజమాని నాతో తెలుగులోనూ, లారీ డ్రైవరుతో తమిళంలోనూ, పాలవాడితో కన్నడంలోనూ ఒక్క ఊపిరిలో మాట్లాడాడు. మూడు రాష్ట్రాలు కలిసే ఈ మూలలో, కుప్పంలో, 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టడం ఎంత సబబో ఆ టీకొట్టు దగ్గర తెలిసింది.

కుప్పం చేరువలో పాలారు అడ్డమైంది. నంది కొండల్లో పుట్టి, మన రాష్ట్రంలో 33 కిలోమీటర్లు మాత్రమే పారి, తమిళనాడుకు పోతుంది. పేరుకు క్షీరనది, మాకు కనిపించింది ఇసుక, తుంగ, అక్కడక్కడ గుంటల్లో నీళ్ళు. 2022లో పో నది కూడా ఎండి, 1943లో మునిగిన పడవ ఒకటి బయటపడిందని మావాడు చెప్పాడు. ఆ తరువాత హంద్రీ-నీవా కాలువ గట్టెక్కాము. శ్రీశైలం జలాశయం నుంచి మెట్టు మెట్టుగా ఎత్తి పంపిన కృష్ణా నీళ్ళు 2025 ఆగస్టులో ఈ కాలువ వెంట కుప్పం చేరాయి. రెండు రోజులలో మేము చూసిన గరుసు దారులన్నిటిలోకి చక్కనిది ఆ కాలువ గట్టే. దాన్ని మా కోసం వేయలేదు. నీళ్ళ కోసం వేశారు.

కుప్పం స్టేషనులో బెంగుళూరు బండి కోసం నిలుచున్నప్పుడు మావాడు అడిగాడు.

"మామా, ఆ అర్జీలో చివర ఆమె ఏమి రాయించింది?"

"రోడ్డు వేసేటప్పుడు దారి వెంట చింతచెట్లు కొట్టవద్దని. నడిచి పోయేవాళ్ళకు నీడ ఉండల్లంట."

అతడు కాసేపు పట్టాల వంక చూశాడు. "ఆ రోడ్డు పడ్డాక చెప్పు మామా, మళ్ళీ వస్తాను," అన్నాడు.

"తారు రోడ్డుకు నీ సైకిలు పనికిరాదు కదరా!"

"నీ సైకిలు ఇద్దువు గానిలే," అంటూ బండెక్కాడు.