అసలు ఒక్కటే... నకళ్లు ఎన్నో!

ఫోన్లో ఓ జాబితా మీద వేలు పెడితే పక్క నుంచి మరో తెర జరిగొస్తుంది. అక్కడ ఏదో మార్చి వెనక్కి వస్తే మొదటి తెర మళ్లీ ప్రత్యక్షం. రోజూ ఎన్నోసార్లు చేసే పనే. ఆ రెండు తెరల మధ్య ఏం జరుగుతుందో ఎవరికీ పట్టదు... వెనక్కి వచ్చాక కూడా పాత అంకే కనిపిస్తే తప్ప!

మందుల వేళలు గుర్తుచేసే యాప్ ఒకటి ఉందనుకుందాం. మొదటి తెర మీద 'బీపీ మాత్రలు, రోజుకు రెండు' అని ఉంది. డాక్టరు ఇకనుంచి ఒకటి చాలన్నారు. బామ్మ కోసం మనవరాలు ఆ మందు పేరు నొక్కి, లోపలి తెరలో రెండును ఒకటి చేసింది. వెనక్కి వస్తే మొదటి తెర మీద ఇంకా రెండే! లోపలికెళ్తే ఒకటి, బయటికొస్తే రెండు. బామ్మ చూసేది మాత్రం బయటి తెరనే.

ఐఫోన్ యాప్‌లు రాసేవారి పరిభాషలో మొదటి తెర తల్లి. దాన్నుంచి తెరుచుకునేది పిల్ల. ఈ క్షణాన యాప్‌కు తెలిసిన సమాచారం 'స్టేట్'. తల్లికీ పిల్లకీ ఒకే సమాచారం కావాల్సి వచ్చినప్పుడు దాన్ని ఎవరి దగ్గర ఉంచాలన్నదే అసలు చిక్కు.

నకలు... ఉమ్మడి

యాపిల్ 2014లో తెచ్చిన స్విఫ్ట్ భాషలో 'స్ట్రక్ట్' అనే ఏర్పాటుంది. దాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి అందిస్తే వెళ్లేది నకలే. రిజిస్ట్రారు ఆఫీసు నుంచి తెచ్చుకున్న దస్తావేజు నకలు మీద పెన్నుతో ఎన్ని దిద్దుబాట్లు చేసినా ఆఫీసులోని అసలు మారదు కదా! ఇదీ అంతే. అలాగని ఇది లోపం కాదు. తన దగ్గరున్నదాన్ని వేరెవరూ ముట్టుకోరన్న భరోసా అది.

రెండో ఏర్పాటు 'క్లాస్'. ఇందులో అందరి చేతిలోనూ ఉండేది ఒకే వస్తువు చిరునామా. ఒకరు మారిస్తే అందరికీ మారుతుంది. బాగానే ఉంది కానీ, మార్చిందెవరో పట్టుకోవడం కష్టం. పోపుల డబ్బాలో దాచిన చిల్లర లాంటిదన్నమాట. తీసేది అందరూ... తీసిందెవరంటే పలికేవారుండరు!

మారు తాళంచెవి

2019లో వచ్చిన స్విఫ్ట్‌యూఐ మరో దారి చూపింది. ఏ సమాచారానికైనా మూలం ఒక్కటే ఉండాలని ఆ ఏడాది డెవలపర్ల సదస్సులో యాపిల్ ఇంజినీర్లు నొక్కిచెప్పారు. సమాచారం తల్లి తెర సొంతమైతే అక్కడ 'స్టేట్' అని రాస్తారు. పిల్లకు నకలు కాకుండా 'బైండింగ్' ఇస్తారు. ఇల్లు తల్లిదే, పిల్లకు ఇచ్చింది మారు తాళంచెవి. పిల్ల వెళ్లి కుర్చీ జరిపితే తల్లి ఇంట్లోనే జరుగుతుంది. మాత్రల సంఖ్య ఇక రెండుచోట్ల ఉండదు.

కొత్తగా నేర్చుకునేవారు తడబడేదీ ఇక్కడే. పిల్ల తెరలో కూడా 'స్టేట్' అనే రాసేస్తారు. అప్పుడది తల్లి ఇచ్చిన విలువను మొదట్లో ఒక్కసారే తీసుకుంటుంది. ఆపైన తల్లి దగ్గర ఏం మారినా దానికి తెలియదు. యాప్ ఆగిపోదు, ఎర్ర గీతా పడదు. అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ప్రమాదం అదే.

పెద్ద యాప్‌లలో తెర వెనక తెర, దాని వెనక మరో తెర ఉంటాయి. అలాంటివాటి కోసం బ్రాండన్ విలియమ్స్, స్టీఫెన్ సెలిస్ 2020లో 'కంపోజబుల్ ఆర్కిటెక్చర్' అనే ఉచిత లైబ్రరీ విడుదల చేశారు. దాని మొగ్గు నకళ్ల వైపే. పిల్ల తన పని ముగించి తల్లికి కబురు పంపుతుంది, తల్లి తన లెక్క దిద్దుకుంటుంది. కబురు మరిచారో, కథ మళ్లీ మొదటికే! 2024లో ఇదే లైబ్రరీకి 'షేర్డ్' అనే గుర్తు వచ్చి చేరింది. ఫలానాది ఉమ్మడి అని రాస్తే చాలు, మార్పు రెండుచోట్లా కనిపిస్తుంది. మిగతావి ఎవరివి వారివే. ఆ ఉమ్మడి విలువ ఎలా మారిందో పరీక్షల్లో సరిచూసుకునే వీలూ ఉంచారు.

చిత్తుప్రతి కావాలి

అలాగని అన్నీ ఉమ్మడి చేసేస్తే సరిపోతుందా? 'రద్దు' బటన్ సంగతేంటి? మోతాదు మారుస్తూ మధ్యలో మనసు మార్చుకుంటే పాతది పాతట్టే ఉండాలి. అక్కడ కావాల్సింది నకలే. 'సేవ్' నొక్కేదాకా చిత్తుప్రతి, నొక్కాక శుద్ధప్రతి. నకలు చెడ్డదనో ఉమ్మడి మంచిదనో తీర్పు చెప్పలేం. ఇది ఎవరి సొంతం, చూసేదెవరు, మార్చే హక్కు ఎవరికి అన్న మూడు ప్రశ్నలకు మొదటి వరుస రాయకముందే జవాబుండాలి.

పరికరాల పేర్లు కొన్నేళ్లకోసారి మారుతూనే ఉంటాయి. యాప్ వాడేవారికి వాటితో పనిలేదు. స్టేట్ అంటే ఏంటో, బైండింగ్ అంటే ఏంటో వారికి తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. వారికి తెలిసిందల్లా ఒక్కటే... తెర మీద కనిపించిన అంకెను నమ్మడం.