గోదారి వెంట రెండు ఎండలు

నాసిక్ జిల్లా త్ర్యంబకేశ్వరంలో పుట్టిన గోదావరి సముద్రంలో కలిసేదాకా 1,465 కిలోమీటర్లు నడుస్తుంది. మే నెలలో ఆ దారి పట్టిన వాడికి నీళ్ల కంటే ఎండే ఎక్కువ ఎదురవుతుంది. మరాఠ్వాడాను నేను బస్సు కిటికీలోంచి చూసిందే తప్ప దిగి తిరిగింది లేదు. నెర్రెలిచ్చిన నల్లరేగళ్లు, ట్యాంకరు కోసం వరస పెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ములు గుర్తున్నాయి. నిజామాబాద్ జిల్లా కందకుర్తిలో మంజీర, హరిద్రలను కలుపుకొని నది తెలంగాణలోకి వస్తుంది. బాసరలో అక్షరాభ్యాసానికి పిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లిదండ్రులు గుడి బండల మీద కాలు మోపలేక పరుగులు తీస్తుంటారు. శ్రీరాంసాగర్ దాటాక నదిలో నీటి కంటే ఇసుక ఎక్కువ. అక్కడి నుంచి రామగుండం దాకా వీచేదంతా వడగాలే.

నేను పెరిగింది అక్కడే, గోదావరిఖనిలో. బాపు బొగ్గుబాయి కార్మికుడు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాడు. ఆ బొగ్గు పొరలు గోదావరి లోయ పొడవునా ఉన్నాయి కాబట్టే బాయిలూ, వాటిని నమ్ముకున్న కరెంటు ఫ్యాక్టరీలూ నది పక్కనే వెలిశాయి. 1978లో పునాదిరాయి పడ్డ రామగుండం ఎన్టీపీసీ కేంద్రం సామర్థ్యం తర్వాత తర్వాత 2,600 మెగావాట్లకు పెరిగింది. లోతట్టు లోయ, వాయవ్యం నుంచి మధ్యభారతం మీదుగా వచ్చే పొడిగాలి, ఓపెన్‌కాస్టు గనుల చుట్టూ కొండల్లా లేచిన మట్టి కుప్పలు, ఎండను తాగే నల్లనేల. రోహిణి కార్తెలో మా ఊరికి ఇవన్నీ కలిసి వచ్చేవి.

ఆ ఎండలో చెమట పట్టినట్టే ఉండదు. పట్టినది పట్టినట్టే ఆరిపోయి చొక్కా వీపున తెల్లటి ఉప్పు చారలు తేలతాయి. పెదాలు పగులుతాయి, ముక్కులోంచి నెత్తురు కారుతుంది. దండెం మీద వేసిన బట్టలు, వేసిన మనిషి ఇంట్లోకి వచ్చేలోపే ఎండుతాయి. "పొద్దెక్కింది బిడ్డా, సల్ల తాగు, బయటికి పోకు" అని అమ్మ గడపలో అడ్డం కూర్చునేది. కిటికీకి కట్టిన గోనెపట్టా మీద చెంబెడు నీళ్లు చల్లితే గది చల్లబడేది. రంజన్‌లో నీళ్లు తాగితే పళ్లు జివ్వుమనేవి. గోనె చల్లబడినా, కుండ చల్లబడినా, మన ఒళ్లు చల్లబడినా సూత్రం ఒక్కటే. నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. గాలి పొడిగా ఉన్నంతసేపూ ఆ దారి తెరిచి ఉంటుంది.

ఆ దారి మూసుకుపోవడం అంటే ఏమిటో బాపు బాయిలో చూశాడు. వెంటిలేషన్ చూసే ఉద్యోగి దగ్గర ఒక చట్రం ఉండేది. అందులో రెండు థర్మామీటర్లు, ఒకదాని బల్బుకు తడిగుడ్డ. పిడి పట్టుకొని దాన్ని గిలక్కాయ తిప్పినట్టు గిరగిరా తిప్పి, ఆపి, రెండు అంకెలూ పుస్తకంలో రాసుకునేవాడు. గాలి పొడిగా ఉంటే తడిబల్బు అంకె బాగా దిగుతుంది, తేమగా ఉంటే దిగదు. అండర్‌గ్రౌండులో పనిచేసే చోట ఈ తడిబల్బు అంకె 33.5 డిగ్రీలు దాటకూడదని, 30.5 దాటితే సెకనుకు కనీసం మీటరు వేగంతో గాలి ఆడించాలని బొగ్గుగనుల నిబంధనలు చెబుతాయి. మనిషికి వేడి దెబ్బ ఎక్కడ తగులుతుందో ఆ నిబంధన రాసినవాళ్లకు సరిగ్గా తెలుసు.

ఆ లెక్కనే నేల మీదికి తెద్దాం. రామగుండంలో మధ్యాహ్నం 44 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకుంటే తడిబల్బు అంకె ఇంచుమించు 25. కోనసీమలో 37 డిగ్రీలు, తేమ 60 శాతం అనుకుంటే అది 30. పేపర్లో పెద్దక్షరాలకు ఎక్కేది 44. ఒంటి చెమట ఆరనివ్వనిది మాత్రం 37తో వచ్చిన తేమ. అలాగని మా ఎండ తేలికైనదని కాదు. గాలి ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు ప్రతి వడగాలి తెర ఒంట్లోకి ఇంకాస్త వేడిని ఎక్కిస్తుంది. గంటకు లీటరుకు పైగా చెమట పోతుంటే నీళ్లూ ఉప్పూ అందని మనిషి కూలిపోతాడు. మా వైపు ఎండ దాహంతో ఉన్నవాణ్ని చంపుతుంది. కింది వైపు ఉక్క, నీళ్లు తాగుతున్నవాణ్ని కూడా వదలదు.

ఇక్కడే నాకు కడుపు మండుతుంది. చాలా బాయిలు మూతబడి ఓపెన్‌కాస్టులు వచ్చాయి. కార్మికుడు పైకొచ్చాడు, తడిబల్బు నిబంధన కిందనే ఉండిపోయింది. పెద్ద డంపర్ల క్యాబిన్లకు ఏసీ ఉంటుంది. డంపు యార్డు దగ్గర జెండా ఊపే కాంట్రాక్టు మనిషికి తలకు చుట్టుకున్న తువ్వాలే దిక్కు. మా వాడకట్టు మనిషి ఒకాయన అలాంటి పనిలోనే పడిపోయాడు. కాగితాల మీద గుండెపోటు అని రాశారు. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి రూ.4 లక్షలు ప్రకటించింది. మంచిదే. కానీ ఆ చావు వడదెబ్బదేనని నిరూపించే భారం పేదింటి మీదే పడితే ఆ డబ్బు ఎందరి గడపకు చేరుతుంది? 2015 మే నెలాఖరు వడగాలులకు దేశంలో రెండు వేలకు పైగా మంది పోయారు. అందులో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాలవాళ్లే.

కాళేశ్వరంలో ప్రాణహిత కలుస్తుంది. అక్కడి నుంచి భద్రాచలం దాకా దారి గబగబా గడిచిపోతుంది. సీతారాముల కల్యాణానికి వేసిన పందిళ్ల కిందే గాలిలో బరువు తెలియడం మొదలవుతుంది. పాపికొండల దగ్గర ఆ గాలికి అడవి తోడవుతుంది. ఇప్ప, మద్ది చెట్ల నీడలో మట్టి, వెదురు గోడలు లేపి, పైన గడ్డో తాటాకో కప్పుకున్న కొండరెడ్ల, కోయల ఇళ్లలో మధ్యాహ్నం పడుకోవచ్చు. గాలి గోడల సందుల్లోంచి వచ్చిపోతుంది.

పోలవరం ప్రాజెక్టు ముంపు కింద సుమారు లక్ష కుటుంబాలను లెక్కగట్టారు. వాళ్లలో కొందరిని పునరావాస కాలనీలకు చేర్చారు. నేను చూసిన కాలనీలో చెట్టు లేదు. చదును చేసిన ఎర్రమట్టి మీద వరసగా కాంక్రీటు స్లాబు ఇళ్లు. పగలంతా తాగిన ఎండను స్లాబు రాత్రంతా గదిలోకి కక్కుతుంది. ఓ ముసలమ్మ నా చెయ్యి పట్టుకొని గోడకు ఆనించింది. చీకటి పడి చాలాసేపయినా గోడ వేడిగానే ఉంది. "కొండమీద ఎండ బయటుండేదయ్యా, ఇక్కడ ఇంట్లో ఉంది" అంది. నష్టపరిహారం లెక్కల్లో ఎకరాలున్నాయి, ఇళ్లున్నాయి, చెట్లకూ ధర కట్టారు. పోయిన నీడకు ధర కట్టినవాడు లేడు. ఒక జాతి తరతరాలుగా ఎండను తట్టుకోవడానికి కట్టుకున్న ఇంటి తెలివిని కూలగొట్టి, బదులుగా స్లాబు ఇచ్చి, అభివృద్ధి అంటున్నాం.

రాజమండ్రిలో స్నేహితుడి ఇంటికి చేరేసరికి నా చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. "ఏం బాబూ, మీ ఎండల ముందు మా ఎండ ఓ లెక్కా అనుకున్నావా?" అంటూ వాళ్లమ్మగారు మజ్జిగ గ్లాసు అందించారు. ఆ ఇంట్లో కూలరు మూలన పడి ఉంది. ఉన్న తేమకు మరింత తేమ కలపడం తప్ప ఇక్కడ అది చేసే పని లేదు. ధవళేశ్వరం దగ్గర 1852 నాటికి ఇంజినీరు కాటన్ కట్టించిన ఆనకట్ట నుంచి కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు, ఇప్పుడు రొయ్యల చెరువులు. ఊపిరంతా నీటి ఆవిరే. మధ్యాహ్నానికి సముద్రం నుంచి గాలి తిరిగితే బతికిపోయినట్టు. మే నెలాఖరులో పడమటి గాలి బలంగా ఉన్న రోజుల్లో సముద్రపు గాలి ఒడ్డు దగ్గరే ఆగిపోతుంది. రాత్రి కూడా వేడి దిగదు. మెడ చుట్టూ చెమటకాయలు పేలిన పసిబిడ్డను ఒళ్లో వేసుకొని తాటాకు విసనకర్ర ఊపుతూనే తెల్లవారిన తల్లులు ఆ వీధిలో ఎందరో.

వడగాడ్పుల ప్రకటనకు వాతావరణ శాఖ మైదానాల్లో 40, తీరంలో 37 డిగ్రీలను కనీస మెట్టుగా పెట్టుకుంది. తీరానికి మెట్టు తగ్గించడం సరైనదే. 2023 నుంచి తేమను కూడా కలిపి ప్రయోగాత్మకంగా హీట్ ఇండెక్స్ ఇస్తోంది. అయినా ఆ అంకె పనిగంటలను శాసించడం లేదు. రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు ఎత్తే జట్టు కూలీకి, తోటలో కొబ్బరి వలుపు కార్మికుడికి ఎన్ని డిగ్రీల దగ్గర పని ఆపాలో చెప్పేవారెవరు? తడిబల్బు అంకె 35కు చేరితే నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడంటారు. బరువు మోసేవాడికి ప్రమాదం అంతకు చాలా ముందే మొదలవుతుంది.

నది సముద్రంలో కలిసే అంతర్వేది దాకా వెళ్లాలనుకున్నా రావులపాలెం దగ్గరే ఆగిపోయాను. చూడాల్సింది అప్పటికే చూశాను. బాయిలో మా బాపు దగ్గర తిప్పిన ఆ రెండు థర్మామీటర్ల చట్రం ఖరీదైన యంత్రమేమీ కాదు. ప్రతి మార్కెట్ యార్డులో, ఇటుక బట్టీ దగ్గర, డంపు యార్డులో ఒకటి పెట్టొచ్చు. ఆ అంకెను బోర్డు మీద రాసి, ఇన్ని డిగ్రీలకు ఇంత విశ్రాంతి, ఇన్ని డిగ్రీలకు పని బందు, కూలి మాత్రం పూర్తిగా అని చట్టం చేయొచ్చు. భూమి కింద కార్మికుడి చెమటకు విలువ కట్టిన దేశం భూమి మీద కూడా కట్టి తీరాలి.