80 దాటితే వణికే బండి

కారు ముందు భాగం వణుకుతోందని నోరు జారితే చాలు, ఏ పార్టు పోయిందో చెప్పడానికి మా వైపు మనుషులకు కొదవ లేదు. ఒకడు టై రాడ్ ఎండ్లంటాడు, ఇంకొకడు సస్పెన్షన్ అంటాడు. టీ అంగడి దగ్గర నిలబడినవాడు కూడా "అలైన్‌మెంట్ చేపియ్యప్పా, సరిపోతాది" అనేసి పోతాడు. నేను అందరి మాటా విన్నాను. వినాల్సిన ఒక్కడి మాట మాత్రం వినలేదు. దాంతో చాలా డబ్బు పోయింది. డబ్బు సంగతి అట్లుంచితే, ఒక పిల్లవాణ్ని పదిమంది ముందర అనరాని మాటలన్నాను. ఇది రాయడానికి అసలు కారణం అదే.

మాది నందవరం. ఉద్యోగం కర్నూల్లో, చేను ఊళ్లో. సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న కారు కొన్నాను, 13 అంగుళాల ఇనుప రిమ్ములది. పత్తి తీసే కాలంలో కూలోళ్లకు సద్దులు, నీళ్ల క్యాన్లు, మందు డబ్బాలు అన్నీ ఆ బండిలోనే చేనికి పోయేవి. మా నల్లరేగడి సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎండాకాలంలో కాలు దిగేంత నెర్రెలిచ్చే ఆ నేలే, రెండు వానలు పడితే చెప్పును పట్టి వదలదు. మళ్లీ రెండు రోజులు ఎండ కాస్తే గడ్డపారకు పని పడుతుంది.

ఊరి దారుల్లో కారు చక్కగా పోయేది. నందవరం నుంచి ఎమ్మిగనూరు, అక్కణ్నుంచి కోడుమూరు మీదుగా కర్నూలు. గుంతలు తప్పించుకుంటూ పోయేవాళ్లం, 60 దాటేది తక్కువ. కర్నూలు దాటి హైదరాబాదు వైపు 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కినాక, ముల్లు 80 దగ్గరికి వచ్చేసరికి స్టీరింగ్ చేతుల్లో వణకడం మొదలయ్యేది. 100 దాటితే కొంచెం సర్దుకున్నట్టుండేది. వేగం తగ్గించి 80కి దిగితే మళ్లీ అదే వణుకు.

మొదట పోయింది సరైన చోటికే, టైర్ల షాపుకు. బ్యాలెన్సింగ్ చేసే పిల్లవాడు చక్రం ఊడదీసి లోపలి వైపు చూసి, "అన్నా, రిమ్ముల్లో మన్ను గట్టుకోనుంది. కడిగిచ్చుకోని రాపో, అప్పుడు జేస్తే నిలబడ్తాది" అన్నాడు. నాకు తొందర. "అంత టైం లేదు, ఎట్లుంటే అట్లే చేసెయ్" అన్నాను. చేసినాడు. మిషన్ మీద సున్నా చూపించే దాకా వెయిట్లు కొట్టినాడు. హైవే మీద బండి నీళ్ల మీద పోయినట్టు పోయింది.

కొన్ని వారాలు బాగుంది. తర్వాత ఒకనాడు వణుకు మళ్లీ వచ్చింది, ముందుకన్నా ఎక్కువగా. నేరుగా ఆ షాపుకే పోయి, పని రానివాణ్ని మిషన్ దగ్గర ఎవరు పెట్టినారని అరిచినాను. వాడు ఏదో చెప్పబోయినాడు, చెప్పనివ్వలేదు. వెయిట్లు పీకే పట్టకారు చేతిలో పట్టుకుని అట్లే నిలబడినాడు. తన ఖాతాదారుడు కదా అని ఓనరు కూడా నా వైపే మాట్లాడినాడు.

ఇక బ్యాలెన్సింగ్ కాదని నాకు నేనే తీర్మానం చేసుకున్నాను. మెకానిక్ దగ్గరికి పోయి బండికి ఏమవుతోందో చెప్పాల్సింది పోయి, ఏం మార్చాలో చెప్పినాను. "టై రాడ్ ఎండ్లు వేసెయ్." ఆయన చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపి చూసి, "ప్లే ఏం లేదు సార్" అన్నాడు. నేను పట్టుబట్టినాను. రోగి వచ్చి ఈ ఆపరేషన్ చెయ్యమంటే డాక్టరు ఒప్పుకోడు కానీ, మెకానిక్ ఎంతసేపని వాదిస్తాడు? మార్చినాడు. ఊళ్లోనే ఒక చుట్టు తిప్పి, 40లో నడిపి, బాగుందనుకున్నాం. 80లో వచ్చే జబ్బుకు 40లో పరీక్ష! తర్వాత లోయర్ ఆర్మ్‌లు, ఆ తర్వాత బుష్షులు, ఆఖరికి బ్రేకు డిస్కులు కూడా మార్పించినాను. బ్రేకు తొక్కినప్పుడు ఏ వణుకూ లేదు, డిస్కులను ముట్టాల్సిన పనే లేదు.

ప్రతిసారీ హైవే ఎక్కి, కొంచెం తగ్గిందనే అనుకునేవాణ్ని. డబ్బు పెట్టినవాడికి తగ్గినట్టే అనిపిస్తుంది, మీకూ ఎప్పుడో అనిపించే ఉంటుంది. ఒక్కోసారి నిజంగానే తగ్గేది కూడా. లోపలి మన్ను ఇంకో పెళ్ల ఎక్కడో రాలిపోయి ఉంటుంది. ఆ పుణ్యం నేను కొత్త బుష్షులకు కట్టబెట్టినాను.

అసలు సంగతి బయటపడింది ఎమ్మిగనూరు దగ్గర ఒక పంచర్ షాపులో. ముందు ఎడమ చక్రానికి మేకు దిగింది. అంగడాయన పెద్దాయన. చక్రం ఊడదీసి, లోపలి వైపు పైకి వచ్చేటట్టు నేల మీద పరిచి, టైరు లేపే ముందర కాసేపు దాన్నే చూసినాడు.

"బండేసుకోని చేనికి పోతావా నాయనా?"

"పోతాను మామా. ఏం?"

ఆయన జవాబు చెప్పలేదు. లీవరు కొనతో రిమ్ము లోపలి గాడిలో ఒక పక్క తట్టినాడు. జానెడు పొడవు పెళ్ల ఊడి వచ్చింది. రిమ్ము వంపు ఎట్లుందో ఆ వంపులోనే గట్టిపడింది. ఒక పక్క ఇనుము తుప్పు మరక, ఇంకో పక్క పత్తి పోగులు అతుక్కుని ఉన్నాయి. దానికి సరిగ్గా ఎదురుగా, రిమ్ము అంచు మీద, ఆ పిల్లవాడు కొట్టిన వెయిట్లు వరసగా మెరుస్తున్నాయి. ఈ పెళ్ల ఊడివచ్చిన చోటు పక్కనే, గాడిలో, ఎప్పుడో ఇంకో పెళ్ల ఊడిపోయిన గుర్తు శుభ్రంగా కనబడుతోంది.

పెళ్ల చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మన్ను ఉన్నప్పుడు దాని బరువుకు సరిపడా ఎదురు బరువు పెట్టినాడు వాడు. వాడి లెక్క తప్పు కాదు. ఆ మన్నులో కొంత గుంతల్లో రాలిపోయినాక, అది పోయిన మేరకు ఎదురు వెయిట్లే ఎక్కువైపోయి చక్రాన్ని ఊపినాయి. "నిలబడ్తాది" అని వాడన్న మాటకు అర్థం ఇదే. నేను వాడిని తిట్టిన రోజు వాడు చెప్పబోయింది కూడా ఇదే అయి ఉంటుంది.

ఒక గుప్పెడు మన్నుకు అంత బలమా అని అప్పుడు నాకూ అనుమానం వచ్చింది. లెక్క వేసి చూసుకున్నాను. 13 అంగుళాల రిమ్ము ఉన్న చిన్న కారు చక్రం 80 వేగంలో సెకనుకు దాదాపు 12 సార్లు తిరుగుతుంది. రిమ్ము గాడిలో 100 గ్రాములు ఒక పక్కన ఎక్కువుంటే, అది తిరిగిన ప్రతిసారీ దాదాపు 8 కిలోల బలంతో చక్రాన్ని గుంజుతుంది. 40 వేగంలో అదే బలం నాలుగో వంతే, 2 కిలోలు. అందుకే ఊరి దారుల్లో తెలియలేదు. ఆ 80 దగ్గరి ఊపు ముందు భాగం సహజంగా ఊగే లయతో కలుస్తుంది కాబట్టి అక్కడ పెద్దదవుతుంది, వేగం పెరిగి ఆ లయ దాటితే సర్దుకున్నట్టుంటుంది. ఒక వేగంలో వచ్చి ఇంకో వేగంలో తగ్గే వణుకు చక్రానిదే అని అనుమానించడానికి అదొక్కటే చాలు. అలైన్‌మెంట్‌కు దీంతో సంబంధం లేదు. అది తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక వైపే అరుగుతుంది.

పైసా ఖర్చు లేని పరీక్ష కూడా ఒకటుంది. ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి అదే వేగంలో నడపాలి. వణుకు స్టీరింగ్ వదిలి సీటు కిందికి వస్తే తప్పు చక్రానిదే. జాకీ, స్పానరు రెండూ నా డిక్కీలోనే ఉన్నాయి, అన్నాళ్లూ.

టైర్ల షాపుకు మళ్లీ పోయినాను. ఎవరెవరి ముందర తిట్టినానో వాళ్లలో కొందరైనా ఉంటే బాగుండని, సాయంత్రం రద్దీలో పోయినాను. ఆ పిల్లవాడు మానేసి ఆదోనిలో ఎక్కడో చేరినాడన్నారు. జరిగింది ఓనరుకు చెప్పినాను. వాడికి ఫోన్ కలిపి ఇచ్చినాడు. "తప్పు నాదే తమ్ముడూ, నువ్వు ముందే చెప్పినావు" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "ఇప్పుడు కడిగిచ్చినావా అన్నా? పాత వెయిట్లన్నీ పీకేసి మళ్లా మొదట్నుంచి చేపిచ్చుకో" అన్నాడు. అట్లే చేయించినాను. వణుకు పోయింది.

ఇప్పుడు చేనికి పోయి వచ్చిన ప్రతిసారీ, బోరు దగ్గర పైపుతో చక్రాల లోపలి వైపు కూడా కొడతాను, పచ్చి మీదున్నప్పుడే. బండి వణికితే మొదట చూసేది మన్నే. కానీ అన్ని వణుకులూ మన్నువి కావు. రేసిస్తేనే వణికి, యాక్సిలరేటర్ వదిలితే ఆగేది యాక్సిల్ లోపలి జాయింటుది కావచ్చు. వేగంతో పాటు హోరు పెరిగి, వంపు తిరిగేటప్పుడు మారితే హబ్ బేరింగు చూపించాలి. చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టి ఊపితే ఆడిందంటే ఇక నడపకూడదు. బేరింగో బాల్ జాయింటో పోయినట్టు. బాల్ జాయింటు ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది.

మొన్న మా పక్క చేనాయన కారు తెచ్చి నా ముందర నిలిపినాడు. "బండి వణుకుతాంది, టై రాడ్ ఎండ్లు పోయినట్టుండాయి. నీకు తెలిసిన మెకానిక్ ఎవరన్నా ఉంటే చెప్పు" అన్నాడు.

"ఎప్పుడు వణుకుతాదన్నా?" అని అడిగినాను.

ఆలోచించినాడు. "బ్రేకు తొక్కినప్పుడే అనుకుంటా. తొక్కకపోతే ఏం లేదు."

డిస్కులు చూపించమని చెప్పి పంపినాను.