ఆదివారం కూడా పరీక్షే

ముఖర్జీ నగర్‌లో ఆదివారానికి సెలవు లేదు. ఢిల్లీకి ఉత్తరాన ఉన్న ఈ కాలనీలో కోచింగ్ కేంద్రాల గోడల నిండా ర్యాంకర్ల నవ్వు ముఖాలే. బత్రా సినిమా పరిసరాల్లో జిరాక్సు నోట్సు దుకాణాలు, ప్లైవుడ్ అడ్డం పెట్టి ఒకటిని రెండుగా చేసిన గదులు. సివిల్స్ ప్రిలిమ్స్ జరిగేదీ ఆదివారమే. యువతను రప్పించాలనుకునే చర్చికి ఇంతకంటే గట్టి పోటీ మరెక్కడా ఉండదేమో.

అయినా ఇక్కడ చర్చికి వెళ్లే యువత తక్కువేమీ కాదు. ముఖర్జీ నగర్‌లోనూ, దాన్ని ఆనుకున్న గాంధీ విహార్, విజయ్ నగర్‌లలోనూ ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులు ఏళ్ల తరబడి అద్దెకుంటున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం నాగాలాండ్, మిజోరాంలలో క్రైస్తవులు 87 శాతానికి పైనే. ఢిల్లీలో ఒక్క శాతం కూడా లేరు. సొంతూళ్లో చర్చి కొండ మీది నుంచి అందరికీ కనిపిస్తుంది. ఇక్కడ వెతుక్కుంటూ వెళ్లాలి. ఢిల్లీలో ఈశాన్య సంఘాలు చాలావరకు అద్దె హాళ్లలోనో, పాత చర్చిలు ఖాళీగా ఉండే వేళల్లోనో ఆరాధన జరుపుకుంటాయి. నాగా, మిజో, కుకీ... ఎవరి భాష వారిది.

కుర్రకారును నిలుపుకోవాలంటే కీబోర్డు, ప్రొజెక్టర్ ఉంటే చాలన్న నమ్మకం తెలుగునాట చాలా చర్చిల్లో ఉంది. ఇక్కడ ఆ మంత్రం పారదు. గిటారు ఈ కొండ ప్రాంతాల పిల్లలకు చిన్నప్పటి నేస్తమే. వాళ్లకు కావలసింది గది ఇప్పించే పరిచయం, జ్వరమొస్తే ఆసుపత్రికి తోడొచ్చే మనిషి, ఠాణాలో పక్కన నిలబడే పెద్ద దిక్కు.

ఆ అవసరం ఊహించి చెప్పేది కాదు. 2014 జనవరిలో లాజ్‌పత్ నగర్‌లో దాడికి గురై అరుణాచల్ విద్యార్థి నిడో తానియా మరణించాడు. 2020 మార్చి 22 రాత్రి విజయ్ నగర్‌లో ఓ మణిపురీ యువతిని 'కరోనా' అంటూ ఒకడు ఉమ్మేశాడు. 2023 మే నెలలో మణిపూర్ రగిలాక ఇక్కడ చదువుతున్న పిల్లలకు ఇంటి కబురే గండమైంది. అలాంటి రాత్రి ప్రసంగం కంటే ఒక ఫోన్ నంబరు విలువైనది.

ఈ పాఠం ఢిల్లీ క్రైస్తవానికి కొత్తది కాదు. జీటీబీ నగర్ మెట్రో స్టేషన్ నుంచి నాలుగు స్టేషన్ల దూరంలో కశ్మీరీ గేట్. అక్కడ 1836 నాటి సెయింట్ జేమ్స్ చర్చి ఉంది. 1877లో ఢిల్లీ వచ్చిన కేంబ్రిడ్జ్ మిషన్ 1881లో సెయింట్ స్టీఫెన్స్ కాలేజీ తెరిచింది. 1904లో అక్కడికి బోధించడానికి వచ్చిన సి.ఎఫ్. ఆండ్రూస్, ప్రిన్సిపాల్ పదవి భారతీయుడైన సుశీల్ కుమార్ రుద్రకే దక్కాలని వాదించారు. 1906లో అదే జరిగింది. యువతతో మాట కలపాలంటే ముందు వారికి కుర్చీ ఇవ్వాలని ఆ తరం గ్రహించింది.

నేటి సంఘాలకు చిక్కు మరోచోట ఉంది. మాతృభాష ఆసరా ఇస్తుంది, గోడా కడుతుంది. ఢిల్లీలోనే పుట్టి అమ్మ భాష అంతంతమాత్రంగా వచ్చిన అమ్మాయికి, జార్ఖండ్ నుంచి వచ్చిన ఆదివాసీ కుర్రాడికి ఆ గోడలో తలుపు ఏది? పైగా ఇక్కడి యువత ఎక్కువ కాలం నిలవదు. చదువు అయ్యాకో, అవకాశాలు అయిపోయాకో వెళ్లిపోతుంది. పాటల బృందాన్ని ఒకటికి రెండుసార్లు మళ్లీ కూర్చుకోవాలి.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఓటమిది. 2024 సివిల్స్‌కు 9,92,599 మంది దరఖాస్తు చేశారు. 5,83,213 మంది పరీక్ష రాశారు. చివరకు ఎంపికైంది 1,009 మంది. మిగిలినవారి ముఖాలు ఏ గోడ మీదా ఉండవు. చర్చిలోనూ ర్యాంకు తెచ్చుకున్నవాడి సాక్ష్యానికే చప్పట్లు మోగితే, దానికీ కోచింగ్ గోడకూ తేడా ఉండదు. ఆరో ప్రయత్నమూ పోయి, ఇంటికి ఏమని ఫోన్ చేయాలో తెలియక గదిలో కూర్చున్నవాడి తలుపు తట్టగలిగితేనే అది సంఘం.

సాయంత్రమయ్యేసరికి అద్దె హాలు ఖాళీ చేయాలి. కుర్చీలు ఒకదానిపై ఒకటి చేరతాయి, గిటార్లు సంచుల్లోకి వెళతాయి. ఈ-రిక్షా ఎక్కి వెనక్కి వచ్చేవాళ్లను ముఖర్జీ నగర్‌లో మళ్లీ ఆ నవ్వు ముఖాలే పలకరిస్తాయి. వాటిని దాటుకుని గది చేరాక ఎవరైనా ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడిగితే, చర్చి ఆ వారానికి తన పని చేసినట్టే.