బండిని దాచి వెళ్ళే వేళ

విజయదశమి నాడు దేవాలయ ఆవరణలో కార్లకు పూజ చేయించడం మిన్నెసోటాలోని మన తెలుగువారికి అలవాటే. పసుపు కుంకుమలు అద్ది, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకుంటాము. మా ఇంట ఆ పండుగైన కొద్ది వారాలకు అదే కారుకు మరొక క్రతువు మొదలవుతుంది. నవంబరులో స్వదేశానికి వెళ్ళి, ఏప్రిల్ దాకా కృష్ణా డెల్టాలోని మా పల్లెలో అమ్మ వద్ద ఉండి రావడం, ఉద్యోగ విరమణ తరువాత మేమిద్దరం పెట్టుకున్న నియమం. అన్నాళ్ళూ కారు వెచ్చదనం లేని గరాజులో కదలక పడి ఉండాలి. ఇక్కడి చలి సామాన్యమైనది కాదు. 1996 ఫిబ్రవరి 2న ఈ రాష్ట్రంలోని టవర్ అనే ఊరి వద్ద ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 51 సెల్సియస్ డిగ్రీలకు పడిపోయింది.

బండిని దాచడం మాకు మొదట చేతకాలేదు. కొన్నేళ్ళ క్రితం జనవరిలో ఒక రాత్రి నాన్నగారికి జబ్బు చేసిందని ఫోను వచ్చింది. రోడ్ల మీది ఉప్పు అంటుకున్న కారును అలాగే గరాజులో పెట్టి, అలవాటు కొద్దీ హ్యాండు బ్రేకు లాగి, మరునాటి విమానం ఎక్కాము. ఆసుపత్రి మంచం పక్కన నిలబడగానే నాన్నగారు అడిగిన మొదటి మాట, "బండి ఎట్లా పెట్టి వచ్చారు?"

"గరాజులో భద్రంగా ఉంది నాన్నగారూ."

"లోపలి నీళ్ళు తీశారా?"

"అది ఆయిల్ ఇంజను కాదు మామయ్యగారూ" అని కోడలు నవ్వింది. ఆయనా నవ్వారు. మూడు వారాలకు ఆయన కన్నుమూశారు.

కర్మలు ముగించి, అమ్మకు కొన్నాళ్ళు తోడుండి, ఏప్రిల్ చివర తిరిగి వచ్చాము. కారు బ్యాటరీ గడ్డకట్టి పగిలిపోయి ఉంది. వెనుక బ్రేకులు తుప్పుతో పట్టుకుపోయి చక్రాలు కదలలేదు. ఎయిర్ ఫిల్టరు పెట్టెలో ఎలుకలు గూడు కట్టి, పక్కనున్న వైర్లు కొరికివేశాయి. మెకానిక్కు మమ్మల్ని తప్పు పట్టలేదు. "మీకు ఎవరూ చెప్పలేదా?" అని మాత్రం అడిగాడు. చెప్పినవారు ఉన్నారు. మేమే వినలేదు.

కాలువ నీరు పొలానికి తోడే ఆయిల్ ఇంజనును పంట చేతికి రాగానే నాన్నగారు షెడ్డుకు చేర్చేవారు. లోపలి నీరంతా వదిలి, నల్లబడిన ఆయిలు తీసి కొత్తది పోసి, పొగగొట్టం మీద డబ్బా బోర్లించి, గోనెపట్టా కప్పేవారు. చివరకు ఒకసారి చేత్తో తట్టి, అప్పుడు తలుపు వేసేవారు. చిన్ననాట మాకది చాదస్తంగా తోచేది.

ఇప్పుడు మేము చేస్తున్నది ఆ పనే. శీతాకాలం స్వదేశంలో గడిపే పెద్దలు మనలో చాలామంది ఉన్నారు గనుక వివరంగా వ్రాస్తున్నాము. ముందు కారును అడుగుభాగంతో సహా కడిగి, పూర్తిగా ఆరనిస్తాము. పాత ఆయిలులో చేరిన తేమ, ఆమ్లాలు నెలల తరబడి ఇంజను లోపలి భాగాలను తినివేస్తాయి కనుక, వెళ్ళే ముందే ఆయిలు మార్పిస్తాము. ఖాళీ చోట తేమ చేరకుండా టాంకును నిండా నింపి, పెట్రోలు చెడిపోకుండా కాపాడే ద్రావకం కలిపి, అది గొట్టాలన్నిటికీ చేరేలా పది నిమిషాలు ఇంజను నడుపుతాము. నాన్నగారు వదిలించిన నీటి స్థానంలో మేము కూలెంటు చూసుకుంటాము. నీరు, యాంటీఫ్రీజు సమపాళ్ళలో ఉంటే సున్నాకు దిగువన 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. పూర్తిగా చార్జి ఉన్న బ్యాటరీ 50 డిగ్రీల దిగువన కూడా నిలుస్తుంది. చార్జి లేనిది 10 డిగ్రీల దిగువకే గడ్డకట్టవచ్చు. అందుచేత నిలకడగా చార్జి అందించే చిన్న పరికరాన్ని దానికి తగిలిస్తాము. టైర్లలో గాలి సరిచూసి, హ్యాండు బ్రేకు లాగకుండా చక్రాలకు చెక్కదిమ్మలు అడ్డం పెడతాము. డబ్బాకు బదులు పొగగొట్టంలో స్టీలు పీచు కుక్కి, దానికి ఎర్రగుడ్డ కడతాము. "పీచు తీయవలెను" అని కాగితం వ్రాసి స్టీరింగుకు అంటిస్తాము. నడుమ ఎవరిచేతనైనా ఐదేసి నిమిషాలు ఇంజను వేయించడం మేలని మొదట అనుకున్నాము. పూర్తిగా వేడెక్కని ఇంజనులో తేమ మిగిలిపోతుందని తెలిసి మానుకున్నాము.

దసరాకు జమ్మిచెట్టును పూజిస్తూ పాండవులు ఆయుధాలను తిరిగి అందుకున్న ఘట్టాన్ని తలచుకుంటాము. వాటిని దాచిన తీరును అంతగా తలచుకోము. వ్యాసభారతం విరాటపర్వంలో వారు ముందుగా విండ్ల అల్లెత్రాళ్ళు సడలించారు. నకులుడు చెట్టెక్కి, విరగని కొమ్మలు, వాన తగలని చోటు చూసి వాటిని గట్టిగా కట్టాడు. అజ్ఞాతవాసం ఎలా ముగుస్తుందో వారికి తెలియదు. అయినా తిరిగి వచ్చేవారు దాచినట్లే దాచారు.

అమ్మకు ఇప్పుడు 84 ఏళ్ళు. ఏటా ఏప్రిల్‌లో మేము బయలుదేరే ముందు రోజు ఆమె మా దుప్పట్లు ఉతికించి, ఎండలో వేయించి, మడతల నడుమ ఎండిన వేపాకు పెట్టి భోషాణంలో సర్దుతుంది. తాళంచెవి కొంగున ముడివేసుకుంటుంది. మళ్ళీ ఎప్పుడు వస్తారని మమ్మల్ని అడగదు, తన ఆరోగ్యం మాట ఎత్తదు. "వచ్చేటప్పటికి ఇవి ఇక్కడే ఉంటాయి" అని మాత్రం అంటుంది.

ఈ ఏటి ప్రయాణం వచ్చే వారమే. నిన్న ఆయిలు మార్పించి, టాంకు నింపి వచ్చాము. దిమ్మలు పెట్టి, కాగితం అంటించి, కప్పడం మిగిలింది. అది కూడా అయ్యాక కారును ఒకసారి చేత్తో తట్టి, తలుపు వేస్తాము.