ప్రాజెక్టు ఎవరి కోసం?

ఈ మధ్య ఇంజనీరింగ్ కాలేజీల హోర్డింగుల మీద "ప్రాజెక్ట్ బేస్డ్ లెర్నింగ్" అన్న మాట తెగ కనపడుతోంది. దాని పక్కనే "ఆంత్రప్రెన్యూర్‌షిప్" అని ఇంకోటి. కోటు వేసుకున్న ఓ కుర్రాడు, చేతిలో డ్రోను. ఫీజు ఎంతో మాత్రం హోర్డింగు మీద వుండదు.

మాటలు మంచివే, కాదనను. ఆ మాటలని నిజంగా ఆచరణలో పెడితే ఎలా వుంటుందో చూడాలంటే నాకు తెలిసినంతలో మంచి ఉదాహరణ అమెరికాలో మసాచుసెట్స్ లోని నీధమ్ అనే వూళ్ళో వున్న ఓలిన్ కాలేజీ. ఫ్రాంక్లిన్ ఓలిన్ అనే ఆయన మందుగుండు, తూటాల వ్యాపారంలో బాగా సంపాదించి 1938 లో ఒక ఫౌండేషన్ పెట్టాడు. అది దశాబ్దాల పాటు వేరే కాలేజీలకి భవనాలు కట్టించి ఇచ్చింది. 1997 లో, ఇక భవనాలు చాలు, మనమే కొత్తగా ఒక ఇంజనీరింగ్ కాలేజీ పెడదాం అని నిర్ణయించుకుంది. మొత్తం మీద 40 కోట్ల డాలర్లకి పైగా ఇచ్చి, 2005 లో మిగిలిన ఆస్తులు కూడా కాలేజీకే అప్పజెప్పి, ఫౌండేషన్ తలుపులు మూసేసుకుంది.

నాకు నచ్చింది డబ్బు సంగతి కాదు, మొదలుపెట్టిన పద్ధతి. 2001 లో ఇంకా క్లాసులు మొదలవక ముందే 30 మంది విద్యార్థులని పిలిచారు. సగం మంది అమ్మాయిలు, సగం మంది అబ్బాయిలు. ప్రొఫెసర్లతో కలిసి కూచుని, చదువు ఎలా వుండాలో ఏడాది పాటు ప్రయోగాలు చెయ్యడమే వాళ్ళ పని. అందుకే వాళ్ళని "పార్ట్‌నర్లు" అన్నారు. అసలు క్లాసులు 2002 లో మొదలయ్యాయి.

ఆ ప్రయోగాల్లో ఒకటి పల్స్ ఆక్సీమీటర్. 2020, 21 లలో కోవిడ్ పుణ్యమా అని మన ఇళ్ళల్లో అందరి వేళ్ళకీ తగిలించుకున్నామే, అదే. అప్పుడే హైస్కూలు దాటి వచ్చిన పిల్లలకి అయిదు వారాలు గడువిచ్చి దాన్ని తయారు చెయ్యమన్నారు. చేశారు, పనిచేసింది!

ఇందులో గొప్పేమిటంటే... ఆ పరికరం వేల్లోంచి ఎర్ర కాంతినీ, ఇన్‌ఫ్రారెడ్ కాంతినీ పంపి, ఏది ఎంత ఆగిపోయిందో కొలిచి, రక్తంలో ఆక్సిజన్ శాతం లెక్కగడుతుంది. వచ్చే సిగ్నల్ చాలా చిన్నది. దాన్ని పెంచాలంటే యాంప్లిఫయర్ కావాలి. వేలు కదిలితే వచ్చే గోల తీసెయ్యాలంటే ఫిల్టర్ కావాలి. మన దగ్గర ఫిల్టర్ల పాఠం రెండో ఏడో మూడో ఏడో వస్తుంది, ఎందుకొచ్చిందో తెలియకుండానే పరీక్ష అయిపోతుంది. ఆ పిల్లలకి ముందు అవసరం వచ్చింది, తర్వాత పాఠం వచ్చింది. రెండేళ్ళు లెక్కలూ ఫిజిక్సూ నూరితే గానీ ఇంజనీరింగ్ ముట్టుకోకూడదన్న నమ్మకం అక్కడ పోయింది.

ఇప్పటికీ అక్కడ డిపార్ట్‌మెంట్లు లేవు. ప్రొఫెసర్లకి పర్మనెంట్ ఉద్యోగాలు లేవు, కాంట్రాక్టులే. మొదటి ఏడు పిల్లలు ప్రకృతిలో జంతువుల కదలికలు చూసి బొమ్మలు చేస్తారు. వాటికి తీర్పు చెప్పేది నాలుగో తరగతి పిల్లలు. ఇంకో కోర్సులో ఏదో ఒక రకం మనుషులని ఎంచుకుని, వాళ్ళతో మాట్లాడి, వాళ్ళకి ఏం కావాలో కనుక్కోవాలి. ఆఖరి ఏడాది కంపెనీలు ఫీజు కట్టి మరీ తమ సమస్యలని విద్యార్థి బృందాలకి ఇస్తాయి. వ్యాపారం పాఠాలకి పక్కనే బాబ్సన్ కాలేజీ వుంది, దాని పేరే ఆ చదువుకి. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో చాలామంది ఉచితంగా దింపుకుని చదువుకున్న "థింక్ పైథాన్" రాసిన అలెన్ డౌనీ కూడా ఏళ్ళ తరబడి అక్కడ పాఠాలు చెప్పినాయనే.

మరి ఇదంతా మనకి కుదురుతుందా? అంత తేలిక కాదు. ఓలిన్ లో మొత్తం కలిపినా దాదాపు నాలుగు వందల మందే. మొదట్లో అందరికీ ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. 2008 ఆర్థిక మాంద్యం దెబ్బకి 2010 నుంచి అది సగానికి పడింది. అంత డబ్బున్న వాళ్ళకే అలా అయితే, సెక్షన్ కి అరవై మందిని కూచోబెట్టే మన కాలేజీల సంగతి చెప్పేదేముంది? అలాగని అసలు కుదరదనీ అనను. పిలానీ బిట్స్ వాళ్ళు 1973 నుంచీ ప్రాక్టీస్ స్కూల్ పేరుతో పిల్లలని కంపెనీల్లోకి పంపుతూనే వున్నారు.

మా ఆఫీసులో ఫ్రెషర్ల ఇంటర్వ్యూలకి నన్ను కూచోబెడుతుంటారు. ఒకసారి ఒకే కాలేజీ నుంచి వచ్చిన ముగ్గురు ఒకే ప్రాజెక్టు చూపించారు. అవే స్క్రీన్లు, లాగిన్ పేజీ మీద అదే స్పెల్లింగ్ తప్పు. అమీర్‌పేటలో డాక్యుమెంటేషన్ తో సహా దొరుకుతాయని అందరికీ తెలిసిందే కదా. అందుకే నేను "ఏం చేశావు" అని అడగడం మానేశాను. "ఎక్కడ చెడింది?" అని అడుగుతాను. కొన్నవాడికి చెడిన చోటు తెలియదు. ఒక్క కుర్రాడు మాత్రం వాళ్ళ వూరి పాల కేంద్రానికి వెన్న శాతం లెక్కలు రాసే ప్రోగ్రాం చేశాడు. రైతులు ఫోన్లో మెసేజి వద్దు, చేతికి చీటీ కావాలన్నారట. కరెంటు పోతే లెక్కలు పోయాయట. అరగంట చెప్పాడు, నేను ఆపలేదు. ఆంత్రప్రెన్యూర్‌షిప్ అంటే నా దృష్టిలో ఆ చీటీయే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా అక్క ఫోన్ చేసి "ఒరేయ్, దీన్ని ఆ కొత్త యూనివర్సిటీ లో చేర్పించమంటావా? బావ అర ఎకరం అమ్మేద్దామంటున్నారు" అంది. మేనకోడలికి మాత్రం ఆ డ్రోను బొమ్మ బాగా నచ్చింది. నేను వద్దనలేదు, చేర్పించమనీ అనలేదు. వెళ్ళి మూడే అడగమన్నాను. పిల్లలు చేసిన ప్రాజెక్టుని బయటివాళ్ళు ఎవరు వాడుతున్నారు? ఒక్కో బృందంతో వారానికి టీచర్ ఎంతసేపు కూచుంటారు? ప్రాజెక్టు పనిచెయ్యకపోతే, ఎందుకు పనిచెయ్యలేదో చెప్పగలిగిన పిల్లకి మార్కులు వేస్తారా?

అక్క వెళ్ళి అడిగింది. రెండో ప్రశ్న దగ్గరే ఆ అడ్మిషన్ల అబ్బాయి లేచి "రండి మేడమ్, త్రీడీ ప్రింటర్ చూద్దురుగాని" అని లాబ్ కి తీసుకెళ్ళాడట. దాని మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదట.

ఒక్క కవరుని చూసి కాలేజీని కొట్టిపారెయ్యడం న్యాయం కాదు, బహుశా కొత్త మిషనేమో. అందుకే అక్కడ చదువుతున్న పిల్లలనే పట్టుకుని మళ్ళీ అడగమన్నాను. ఫీజు కట్టడానికి ఇంకా వారం గడువుంది. ఇలాంటి చోట్ల పిల్లలని చదివిస్తున్నవాళ్ళు మీలో ఎవరైనా వుంటే, ఆ మూడు ప్రశ్నలకీ మీకు దొరికిన జవాబులేమిటో కాస్త చెప్పండి. అర ఎకరం సంగతి మరి.